జిప్సం బోర్డు ఎక్కకముందు

హైదరాబాద్‌లో మలక్‌పేట వైపు ఒక పాత అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. హాలు మధ్యలో నిలబడి మీరు తలెత్తి చూస్తున్నారు. 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. నడిమధ్యన స్లాబు నుంచి ఒక తీగ దిగింది. తీగ చివర హోల్డరు, దాని చుట్టూ ఇత్తడి అంచున్న గాజు డోము. ఈ ఇంట్లో పిల్లలు చదువుకున్నదీ, పెళ్లిచూపులు జరిగిందీ ఆ ఒక్క దీపం కిందే. ఫ్యాన్లు రెండూ దించేసి గోడ వారగా పెట్టారు. స్లాబుకు ఆరంగుళాల కింద జీఐ ఛానళ్ల చట్రం అల్లుకుని ఉంది. జిప్సం బోర్డులు ఇంకా ఎక్కలేదు. ఇవాళ్టి పనంతా కరెంటుది: ఆ ఒక్క దీపం చోట ఆరు డౌన్‌లైట్లు రావాలి.

ఎలక్ట్రీషియన్ నిచ్చెన రెండో మెట్టు మీదున్నాడు.

"మెయిన్ బంద్ చేసినవా?"

"చేసిన అన్నా," వంటింటి పక్క నుంచి కుర్రాడి గొంతు.

గోడ మీద లైటు స్విచ్చి కూడా ఆపే ఉంది. గాజు డోము జాగ్రత్తగా విప్పి కిందికి అందించాడు. ఇంటి పెద్దావిడ రెండు చేతులతో అందుకుంది. "పారెయ్యకు బిడ్డా, దేవునర్రల పెడదాం." అతను తలూపి, సీలింగ్ రోజ్ మూత తిప్పి, లోపలి స్క్రూకు టెస్టర్ ఆనించాడు.

టెస్టర్‌లో ఎర్ర చుక్క వెలిగింది.

మెయిన్ ఆపారు, స్విచ్చి ఆపారు. అయినా స్లాబు దగ్గరి తీగలో కరెంటుంది. మీ చెయ్యి తెలియకుండానే వెనక్కి వెళ్తుంది. అతను మాత్రం తడుముకోలేదు. "ఇన్వర్టర్?" అన్నాడు. కుర్రాడు నాలిక్కరుచుకుని బాల్కనీ వైపు పరుగెత్తాడు.

మన ఇళ్లలో ఈ ప్రమాదం చాలామందికి తట్టదు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఆపితే, కరెంటు పోయిందనుకుని ఇన్వర్టర్ తన పని మొదలుపెడుతుంది. లైట్ల లైనుకు బ్యాటరీ నుంచి 230 వోల్టులు మళ్లీ వచ్చేస్తాయి. మెయిన్ దిగువన ఏ ఎంసీబీ ఏ లైనుదో రాసి ఉండదు. ఫ్రిజ్ ఆగింది కదా అని ఇల్లంతా కరెంటు పోయిందనుకుంటాం.

ఇన్వర్టర్ ఆగింది, ఎర్ర చుక్క పోయింది. అయినా అతను తీగ ముట్టుకోలేదు. కిందికి దిగి, మెయిన్ స్విచ్చికి పైన, మీటరు నుంచి వచ్చే తీగ దగ్గర టెస్టర్ పెట్టి చూశాడు. వెలిగింది. అంటే టెస్టర్ పనిచేస్తోంది, ఇందాక ఆరిపోయింది టెస్టర్ చెడిపోయి కాదు. మళ్లీ పైకెక్కి, ఈసారి రెండు తీగల బల్బు హోల్డరుతో, అదే టెస్ట్ ల్యాంపుతో చూశాడు. వెలగలేదు. అప్పుడు చేతితో పట్టుకున్నాడు. నిమిషం కూడా పట్టని ఈ తనిఖీని ఓపిగ్గా చేసే మనిషికి మన ఇల్లు ధైర్యంగా అప్పగించవచ్చు.

మరో ప్రశ్న మిగిలే ఉంది. స్విచ్చి ఆపి ఉండగా పైన ఫేజ్ ఎందుకుంది? గోడ మీది బోర్డు విప్పితే జవాబు దొరికింది. ఎప్పుడో ఎవరో స్విచ్చిని ఎర్ర తీగకు కాక నల్ల తీగకు పెట్టారు. ఫేజ్ నేరుగా పైకి పోతోంది, స్విచ్చి ఆపేది న్యూట్రల్‌ను. ఫిలమెంటు బల్బు అలాగే వెలిగింది, అలాగే ఆరింది, ఎవరికీ అనుమానం రాలేదు. కానీ ఇన్నేళ్లూ, లైటు ఆపాం కదా అని బల్బు మార్చినవాళ్ల వేళ్లకు అంగుళం దూరంలో ఫేజ్ ఉంది. ఇదే లైనుకు ఎల్ఈడీ తగిలిస్తే స్విచ్చి ఆపాక కూడా చీకట్లో మసకగా వెలుగుతూనే ఉండవచ్చు, లేదా కొన్ని క్షణాలకోసారి మినుక్కుమనవచ్చు. పక్కపక్కనే పోయే తీగల మధ్య జారే కొద్దిపాటి కరెంటు చాలు, ఎల్ఈడీకి కరెంటిచ్చే డ్రైవర్ డబ్బాలోని కెపాసిటర్ కొంచెం కొంచెంగా నిండడానికి. లైటు బాగోలేదని జనం దుకాణానికి తిరిగిచ్చేస్తారు. తప్పు లైటుది కాదు, స్విచ్చిది. అతను తీగలు మార్చాడు. ఇక స్విచ్చి తెంపేది ఫేజ్‌నే.

ఇప్పుడు పైపు పని. బోర్డు నుంచి స్లాబులోకి పోయిన పాత పైపులో రెండే తీగలు. ఎర్త్ లేనే లేదు. కావలసినవి నాలుగు: రెండు స్విచ్చిలకు రెండు ఫేజులు, ఒకటి ఎరుపు ఒకటి పసుపు, నల్లది న్యూట్రల్, ఆకుపచ్చది ఎర్త్. అన్నీ 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు. పాత తీగ చివరకే కొత్తవాటిని కట్టి, టేపు చుట్టి, కుర్రాడు కింద నుంచి తోస్తుంటే ఇతను పై నుంచి లాగుతున్నాడు. ఒక వంపు దగ్గర ఆగింది. బలంగా గుంజలేదు, కొంచెం వెనక్కి వదిలి మళ్లీ లాగాడు. బయటికొచ్చిన పాత తీగను మీ చేతిలో పెట్టాడు. వంచి చూడండి, పై తొడుగు పెళుసుగా విరుగుతోంది. దీన్నే ఉంచి కొత్త సీలింగ్ కట్టి ఉంటే?

లైట్లు ఎక్కడెక్కడ రావాలో ముందే నేల మీద సుద్దతో గీశారు. లెక్క సులువు. పొడవులో మూడు లైట్లు కాబట్టి 16 అడుగుల్ని మూడు భాగాలు చేస్తే ఒక్కోటి 5 అడుగుల 4 అంగుళాలు. లైటుకూ లైటుకూ అంత దూరం, గోడకు అందులో సగం, 2 అడుగుల 8 అంగుళాలు. వెడల్పులో రెండు వరసలు, మధ్య 6 అడుగులు, గోడల నుంచి 3 అడుగులు. ఫ్యాను రెక్కల కొస నుంచి ఏ లైటైనా అడుగు పైనే దూరం ఉందో లేదో కొలిచి చూసుకున్నారు. రెక్కల మీదుగా వెలుగు పడితే గది మొత్తం నీడలు గిర్రున తిరుగుతాయి, పుస్తకం పట్టుకున్నవాడికి తలనొప్పి. ఏ గుర్తూ జీఐ ఛానల్ కిందికి రాకూడదన్నది ఇంకో షరతు. ఒకటి వచ్చింది. దాన్ని రెండంగుళాలు జరిపారు, సమానంగా కనిపించాలని వరసలో మిగతా రెండింటినీ కూడా జరిపారు.

పాత దీపం పాయింటు నుంచి ఫ్లెక్సిబుల్ పైపులో తీగలు మొదటి లైటు చోటికి వచ్చాయి. అక్కడ ఒక అడుగు పొడవు తీగ కిందికి వేలాడేలా వదిలి, అక్కడి నుంచే రెండో చోటికి, రెండో చోటి నుంచి మూడో చోటికి తీసుకెళ్తున్నాడు. ఒక లైటులోంచి ఇంకో లైటులోకి కరెంటు పారేలా కలపడం కాదు ఇది. అలా వరసగా కలిపితే ఆరింటికీ 230 వోల్టులు అందవు, ఒకటి పోతే అన్నీ పోతాయి. ఇక్కడ ప్రతి లైటుకూ ఫేజ్ వేరుగా, న్యూట్రల్ వేరుగా నేరుగా అందుతాయి. తీగ మాత్రం ఒకదాని దగ్గర ఆగి, రెండోదాని దగ్గరికి పోతుంది.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది జాయింటు ఎక్కడుంటుందన్నది. తీగలు కలిసే ప్రతి చోటూ ఒక లైటు రంధ్రం దగ్గరే. మధ్యలో, జిప్సం బోర్డు పైన, ఎవరికీ అందని చోట ఒక్క జాయింటూ లేదు. రేపు ఏదైనా వదులైతే లైటును చేత్తో కిందికి లాగి చూడవచ్చు, సీలింగ్ పగలగొట్టక్కర్లేదు. తీగలు మెలిపెట్టి టేపు చుట్టడం అతను ఎప్పుడో మానేశాడట. మూసిన కప్పు వెనక వేడికి టేపు జిగురు ఎండి ఊడిపోతుంది. పై తొడుగు కొలిచి తీసి, లివర్ కనెక్టర్‌లో దూర్చి, లివర్ నొక్కి, ప్రతి తీగనూ ఒకసారి గట్టిగా లాగి చూస్తున్నాడు. ఊడితే ఇప్పుడే ఊడాలి.

"అమ్మా, జర ఫోన్ తెండి. ఫోటోలు తీసుకోండి." గోడకు కొలత టేపు ఆనించి పట్టుకున్నాడు, అంకెలు కనబడేలా. ఆరు చోట్లా, పైపు పోయిన దారులూ అన్నీ ఫోటోల్లోకి ఎక్కాయి.

బోర్డులెక్కి, పుట్టీ ఆరి, రంగు కూడా అయ్యాక అదే హాల్లోకి మళ్లీ రండి. తెల్లటి కప్పు, ఒక్క గుర్తూ లేదు. ఫోటోలు చూసి, టేపు పట్టి పెన్సిల్‌తో చుక్కలు పెడుతున్నారు. ట్రూప్ బజార్ నుంచి తెచ్చిన లైటు డబ్బా మీద కటౌట్ కొలత అచ్చు వేసి ఉన్నా, లైటు వెనక భాగాన్ని టేపుతో కొలిచాకే డ్రిల్లుకు హోల్ సా బిగించాడు. పెద్ద రంధ్రాన్ని చిన్నది చేయలేం కదా. జిప్సం పొడి మంచులా రాలుతోంది. మూతికి గుడ్డ కట్టుకోండి. రంధ్రంలోకి రెండు వేళ్లు పెట్టగానే తీగ అందింది.

మల్టీమీటరుతో ఫేజ్‌కూ ఎర్త్‌కూ, ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య ఎక్కడా షార్టు లేదని చూసుకుని, డ్రైవర్ డబ్బాలు కలిపాడు. డ్రైవర్ నుంచి లైటుకు వెళ్లేది డీసీ. ఆ చిన్న ప్లగ్గును కరెంటు లేనప్పుడే కలపాలి. డ్రైవర్‌కు ముందు కరెంటిచ్చి, తర్వాత ప్లగ్గు గుచ్చితే ఎల్ఈడీ చిప్పులు మాడిపోయే ప్రమాదముంది. స్ప్రింగు రెక్కలు రెండూ పైకి మడిచి లైటును రంధ్రంలోకి తోస్తే టప్పున కూర్చుంటుంది. వేలు ఇరుక్కుంటే రక్తమే.

ఇన్వర్టర్, మెయిన్, చివరగా స్విచ్చిలు.

పాత 100 వాట్ల బల్బు స్థానంలో 9 వాట్లవి ఆరు, మొత్తం 54 వాట్లు. రంగు 4000 కెల్విన్, పసుపూ కాదు, నీలి తెలుపూ కాదు. మూలలు తేరుకున్నాయి, గోడ మీది ఫోటోల్లో ముఖాలు కనబడుతున్నాయి. అయితే పైకి చూడండి, కప్పు మసకగా ఉంది. గాజు డోము కప్పుకు కూడా వెలుగు పంచేది. ఇవి కిందికే చూస్తాయి. నేరుగా లైటు కింద కూర్చున్న మనిషి కళ్ల కింద నీడ పడుతుంది. అందుకే పెద్దావిడ పేపరు చదివే కుర్చీ పక్క గోడకు ఒక లైటు పాయింటు అదనంగా వేయించారు. డౌన్‌లైట్లు గదికి సరిపోతాయి, చదువుకు వాటితో పాటు ఇంకొకటి కావాలని నా అభిప్రాయం.

మీ ఇంట్లో ఈ పని పెట్టుకుంటే లైసెన్సున్న మనిషినే పిలవండి, ఇన్వర్టర్ సంగతి అతను అడగకపోతే మీరే చెప్పండి. బోర్డులు ఎక్కేముందు టేపు పెట్టి ఫోటోలు తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా దాచండి. అదే కటౌట్ ఉన్న లైట్లు రెండు ఎక్కువే కొనిపెట్టుకోండి. మోడళ్లు మారిపోతాయి, రంధ్రం మారదు.