నీటిధార బండి, గాలపు కర్ర

చేపల వేటకు పడవ కావాలి, పడవకు సరంగు కావాలి. నూరేళ్ళ క్రితం సెలవులు గడపడానికి పరదేశం పోయిన వేటగాడు ఈ రెండింటినీ కిరాయికి తీసుకొనేవాడు. ఇప్పుడు అతనికి జెట్ స్కీ అనే వాహనం దొరుకుతున్నది. నీటిమీద నడిచే మోటారు సైకిలు అనుకొంటే చాలు. వెనుక మంచుపెట్టె, పక్కన గాలపు కర్రలు బిగించుకొని ఒంటరిగానే సముద్రం మీదికి పోవచ్చును. సరంగుతో పని లేకపోయినది. ఇందుకు దారితీసిన యంత్రం మొదట చక్కగా పనికివచ్చినది సముద్రంలో గాక, మోకాటిలోతు నీరు పారే నదులలో కావడం విచిత్రం.

ముందు సరంగుల కాలం సంగతి. జేన్ గ్రే అమెరికా నవలాకారుడు. చదివినది దంతవైద్యం, పేరు తెచ్చినవి పడమటి సీమల సాహసకథలు, ప్రాణం మాత్రం గాలం మీద. 1926లో న్యూజిలాండ్ ప్రభుత్వం ఆహ్వానించగా అతడు ఆ దేశపు ఉత్తర దీవిలోని బే ఆఫ్ ఐలండ్స్ అనే అఖాతానికి వచ్చి, ఉరుపుకపుక దీవిలో విడిది చేశాడు. 'అల్మా జి' వంటి మోటారు లాంచీలను కిరాయికి మాట్లాడుకొన్నాడు. అతని వెంట వచ్చిన కెప్టెన్ లారీ మిచెల్ ఆ యేడు 976 పౌనుల, అనగా సుమారు 443 కిలోల, నల్ల మార్లిన్ చేపను పట్టాడు. ఆనాటికి అది ప్రపంచ రికార్డు. ఈ యాత్రపై గ్రే రాసిన పుస్తకం అదే యేట వెలువడి, ఆ అఖాతం పేరును దూరదేశాల వేటగాండ్ర చెవిని వేసినది. లాంచీ నడిపిన వారికి అంత పేరు రాలేదు. కాని పోటు ఎప్పుడు తిరిగి పాటు అవుతుంది, గాలి ఏ మూల నుంచి లేస్తుంది, నీటికింద రాళ్ళు ఎక్కడ వున్నాయి అనే సంగతులు ఎరిగినవారు వారే.

ఇక యంత్రం. అదే దేశపు దక్షిణ దీవిలో నదులకు వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. గులకరాళ్ళ మీద పాయలు పాయలుగా పారుతాయి. మామూలు మోటారు పడవకు అడుగున ప్రొపెల్లరు తిరుగుతుంది. అది రాతికి తగిలిందంటే విరిగినట్లే. ఐరిష్‌మన్ క్రీక్ అనే చోట గొర్రెల మందలు పెంచే విలియమ్ హామిల్టన్ (1899–1978) యంత్రాల పనిని చేతులతో నేర్చినవాడు. ప్రొపెల్లరు లేని పడవకు పూనుకొని, నీటిని పీల్చి పడవ అడుగునుంచే ధారగా వదిలే ఒక అమెరికన్ సాధనాన్ని ఆధారం చేసుకొన్నాడు. అది అంతగా సాగలేదు. అతని పనివారిలో ఒకడు ఇచ్చిన సలహాపై ధార వదిలే మూతిని నీటిమట్టానికి కొంచెం పైకి మార్చగా, పడవ చురుకుగా పరుగెత్తినది. ఇది 1950 దశకపు మాట. 1960లో హామిల్టన్ కుమారుడు జాన్ ముందుండి నడపగా, ఇటువంటి పడవలు మూడు అమెరికాలో కొలరాడో నది మహాలోయ గుండా ప్రవాహానికి ఎదురెక్కాయి. ఇంత ఖ్యాతి వచ్చినా, నీటిధారతో పడవ నడపడం తాను కనిపెట్టలేదనీ, ఆ గౌరవం ఆర్కిమిడీసుదేననీ హామిల్టన్ అనేవాడు.

పొలానికి నీరు తోడే పంపును చూచినవారికి దీని మర్మం సులభంగా బోధపడుతుంది. పడవ అడుగునవున్న కమ్మీల గుండా నీరు లోపలికి వస్తుంది. గొట్టంలో ఇంజను తిప్పే రెక్కలచక్రం దానిని వెనుకకు తోస్తుంది. చివర సన్నని మూతి గుండా దూరేటప్పుడు నీటివేగం హెచ్చుతుంది. నీటిని వెనుకకు నెట్టినందుకు ప్రతిచర్యగా పడవ ముందుకు పోతుంది; ఇది న్యూటన్ మూడవ సూత్రమే. చుక్కాని వుండదు. మూతిని ఎటు తిప్పితే పడవ అటు మళ్ళుతుంది.

ఈ సూత్రాన్ని ఒంటిమనిషి బండికి అమర్చదలచినవాడు అమెరికాలో మోటారు సైకిళ్ళ పందెగాడైన క్లేటన్ జేకబ్‌సన్. అతని తోడ్పాటుతో కెనడాలోని బాంబార్డియర్ సంస్థ 1968లో 'సీ-డూ' అనే బండిని అమ్మకానికి పెట్టినది గాని, అది కొద్దికాలానికే ఆగిపోయినది. 1973లో జపాను సంస్థ కవాసాకి నిలబడి నడిపే జెట్ స్కీని తెచ్చినది. అలలమీద నిలబడి గాలం వేయడం గారడీవానికి తప్ప సాధ్యం కాదు. 1986లో యమహా సంస్థ కూర్చొని నడిపే బండిని వెలువరించినది. అటువంటివి వచ్చిన తరువాతనే వేటకు వీలు చిక్కినది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలలో గాలగాండ్రు పెట్టెలను, కర్రలు నిలిపే గొట్టాలను తామే బిగించుకొంటూ వచ్చారు. 2018లో సీ-డూ పేరుతోనే వేటకు ప్రత్యేకమైన బండి వచ్చినది. దానికి వెనుకభాగం పొడుగు. ధ్వనితరంగాలతో లోతును, చేపలను పసిగట్టే సాధనం కూడా వున్నది.

అయితే ఈ యంత్రంలో ఒక చిక్కు వున్నది. ధార వున్నంతసేపే మలుపు. ఎదుట అడ్డు కనిపించగానే వేగం తగ్గించబోవడం మానవసహజం. ఇక్కడ అలా చేస్తే ధార సన్నగిల్లి, బండి మలుపు తిరగక తిన్నగా అడ్డు మీదికే పోతుంది. 1998లో అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి ఈ ప్రమాదాలను పరిశీలించినప్పుడు, ఇతర విహారపు పడవలలో మరణాలకు ముఖ్యకారణం నీట మునగడం కాగా, ఈ బండ్ల విషయంలో అది బలమైన దెబ్బ తగలడమని తేలినది. వేటగానికి మరొక బెడద: నాచుగాని, తెగిన గాలపు దారంగాని కమ్మీలలోకి పోతే ధార కుంటుపడుతుంది. సరంగు వున్న లాంచీలో అది అరగంట ఆలస్యం. తీరానికి దూరంగా ఒంటరిగా వున్నవానికి అలా కాదు.

సరంగు నోట వినవలసిన జాగ్రత్తలు కొన్ని ఇప్పుడు నిబంధనలుగా అచ్చయి వున్నాయి. న్యూజిలాండ్‌లో తీరానికి 200 మీటర్లలోపల 5 నాట్లు, అనగా గంటకు సుమారు 9 కిలోమీటర్లు, మించి పోరాదు. బే ఆఫ్ ఐలండ్స్ వున్న ఈశాన్య తీరంలో, 2014లో వచ్చిన నిబంధన ప్రకారం 30 సెంటీమీటర్లకు తక్కువైన స్నాపర్ చేపను తిరిగి నీట వదలవలెను. రోజుకు మనిషికి 7 మించి వుంచుకోరాదు. సెలవులకు వచ్చిన విదేశీయునికీ ఇందులో మినహాయింపు లేదు. ఆ విధంగా మంచుపెట్టెతో పాటు కొలబద్ద కూడా వేటసామానులో చేరినది.