ఊరంటే గోడలు కాదు

పన్నుల బాధ పడలేని రైతులు ఇళ్ళూ పొలాలూ విడిచి పొరుగుసీమకు తరలిపోవడం మన దేశంలో బహుకాలంగా ఉన్న నిరసన పద్ధతి. దున్నేవాడు లేని భూమి రాజుకు పన్ను కట్టదు గదా! ఆ పాత ఆచారమే 1921లో, నాటి గుంటూరు జిల్లా చీరాల-పేరాలలో, కొత్త రూపు ధరించింది.

మద్రాసు ప్రభుత్వం ఆ జంటగ్రామాలను మునిసిపాలిటీగా మార్చడంతో పన్ను అనేక రెట్లు పెరిగింది. మగ్గాన్ని నమ్ముకున్న నేతగాళ్ళు, కూలిజనం అంత భారం మోయలేకపోయారు. ఆ ఏప్రిల్‌లో చీరాల వచ్చిన గాంధీజీ రెండు దారులు చూపారు: అహింసతో పన్ను నిరాకరించి జైలుకు పోవడం, లేదా ఊరే విడిచిపోవడం. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు రెండోదారి పట్టారు. సుమారు 15,000 జనాభాలో అత్యధికులు ఊరి వెలుపల పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామనగర్ అని పేరుపెట్టారు. రామదండు వారికి అండగా నిలిచింది.

ఎండకూ వానకూ ఓర్చి దాదాపు 11 నెలలు గడిపారు. ఈలోగా దుగ్గిరాల జైలు పాలయ్యారు. ప్రభుత్వం దిగిరాలేదు, జనం తిరిగి ఇళ్ళకు చేరక తప్పలేదు.

దీన్ని ఓటమి అనేవారున్నారు. కానీ పాతకాలపు రైతు వలసపోతే అతని ఊరు చెదిరిపోయేది. చీరాల ప్రజలు ఊరు విడిచీ చెదరలేదు. కలిసి వెళ్ళారు, కలిసి నిలిచారు. ఊరంటే గోడలు కాదనీ మనుషులేననీ ఆ ఖాళీ వీధులు పాలకులకు చెప్పాయి.