విశ్వాసానికి వెల



1866లో ఒంగోలు వచ్చిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు, ప్రభువును నమ్మిన మాదిగ సోదరులకు మూడు సంగతులు నేర్పారు. ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. వినడానికి చిన్నవే. కాని ఊరి చాకిరీ మీద బ్రతికే పేదవాడు "ఆదివారం రాను, జాతరకు డప్పు కొట్టను" అంటే ఊరి పెద్దలు ఊరుకుంటారా? ఆ విశ్వాసులు హింసలు పడ్డారు, అయినా వెనుదీయలేదు.

తరువాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి చూపించారు. అయితే బాప్తిస్మం అడిగినవారిని ఆగమన్నారు, గింజల కోసం అడుగుతున్నారేమోనని. సహాయం ఆగిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ మూడు నియమాలు వారిని రక్షించలేదు. రక్షించింది కృపే (ఎఫెసీ 2:8). కాని ఆ కృపే వారిని సత్క్రియల్లో నడిపించింది (2:10). నీతి క్రియలతో రక్షణను కొనలేము. అలాగని విధేయత లేని విశ్వాసం ప్రాణం లేని దేహమే (యాకోబు 2:26).

నేడు మనం ఆరాధనకు వస్తాం, చేతులెత్తి పాడతాం. ఇంటికెళ్లి కట్నం అడుగుతాం, కూలివాని డబ్బు ఆపుతాం. నమ్మినందుకు నేనేమి వదులుకున్నాను? ఈ ప్రశ్న ముందుగా కాపరినైన నాకే. ప్రభువు మనకు లోబడే హృదయం ఇచ్చును గాక. ఆమేన్.