టయోటా సెలికా జిటి-ఫోర్ ఇంజను మార్పిడి

టయోటా సెలికా జిటి-ఫోర్ ఇంజను మార్పిడి అనగా, జపానుకు చెందిన టయోటా సంస్థ ర్యాలీ పోటీల కొరకు రూపొందించిన సెలికా జిటి-ఫోర్ కారులోని పాత టర్బో ఇంజనును తొలగించి, అదే కుటుంబానికి చెందిన తరువాతి తరం టర్బో ఇంజనును అమర్చడం. ఈ మార్పిడిని ప్రధానంగా మొదటి నమూనా అయిన ఎస్‌టి165లోను, రెండవ నమూనా అయిన ఎస్‌టి185లోను చేస్తుంటారు. దీనివలన కారు శక్తి పెరుగుతుంది, విడిభాగాల కొరత కొంత తీరుతుంది. అయితే కారు తన అసలు రూపాన్ని, దానితో పాటు చారిత్రక ర్యాలీలలో పాల్గొనే అర్హతను కోల్పోతుంది.

నేపథ్యం

1986లో జరిగిన ఘోర ప్రమాదాల తరువాత ప్రపంచ ర్యాలీ పోటీల నుండి గ్రూప్ బి కార్లను తొలగించారు. 1987 నుండి గ్రూప్ ఎ కార్లు ప్రధాన తరగతి అయ్యాయి. ఈ తరగతిలో ఒక నమూనాను అనుమతించాలంటే 12 నెలల కాలంలో అటువంటి కార్లు 5,000 తయారుచేయవలసి ఉండేది. తరువాత ఈ సంఖ్యను 2,500కు తగ్గించారు. ఈ విధంగా అనుమతి పొందడాన్ని హోమోలోగేషన్ అంటారు. పోటీ కారులో వాడే ఇంజను, ఆ నమూనాకు హోమోలోగేషన్ పొందిన ఇంజనే అయి ఉండాలి.

ఈ నియమాల ప్రకారం నాలుగు చక్రాలకూ శక్తి అందే సెలికా జిటి-ఫోర్ 1986 అక్టోబరులో జపానులో విడుదలయింది. స్పెయిన్ దేశస్థుడు కార్లోస్ సైంజ్ 1990లో ఎస్‌టి165తోను, 1992లో ఎస్‌టి185తోను ప్రపంచ ర్యాలీ డ్రైవర్ల టైటిల్ గెలిచాడు. ఎస్‌టి185తోనే 1993లో జుహా కాంక్కునెన్, 1994లో డిడియే ఓరియోల్ విజేతలయ్యారు. ఈ రెండు సంవత్సరాలలోను తయారీదారుల టైటిల్ టయోటాకే దక్కింది.

ఇంజను తరాలు

ఈ కార్లన్నింటిలోను 3ఎస్-జిటిఇ అనే నాలుగు సిలిండర్ల ఇంజనునే వాడారు. దీని ఘనపరిమాణం 1,998 ఘన సెంటీమీటర్లు. సిలిండరు వ్యాసం, పిస్టను కదలిక రెండూ 86 మిల్లీమీటర్లే. బ్లాకు పోత ఇనుముతోను, హెడ్ అల్యూమినియంతోను చేయబడ్డాయి. జపాను నమూనాల శక్తి మెట్రిక్ హార్స్‌పవర్లలో ఈ క్రింది విధంగా ఉంది.

- మొదటి తరం (ఎస్‌టి165): 185 హార్స్‌పవర్. సిటి26 టర్బో, నీటితో చల్లబడే ఇంటర్‌కూలరు.
- రెండవ తరం (ఎస్‌టి185): 225 హార్స్‌పవర్. రెండు ప్రవేశ మార్గాలు గల సిటి26 టర్బో.
- మూడవ తరం (ఎస్‌టి205, 1994): 255 హార్స్‌పవర్. సిటి20బి టర్బో.
- నాల్గవ తరం (కాల్డినా జిటి-టి, 1997): 260 హార్స్‌పవర్. సిటి15బి టర్బో.

రెండవ తరం నుండి టర్బైనుకు రెండు ప్రవేశ మార్గాలు ఏర్పరచారు. 1, 4 సిలిండర్ల పొగ ఒక మార్గంలోను, 2, 3 సిలిండర్ల పొగ మరొక మార్గంలోను పోతుంది. ఒక సిలిండరు నుండి వెలువడే పొగ మరొక దానికి అడ్డుపడదు కాబట్టి టర్బో త్వరగా వేగం అందుకుంటుంది.

అమరిక

నాలుగు తరాల ఇంజన్లకూ బ్లాకు మూలరూపం ఒక్కటే కావడం, అన్నిటినీ కారుకు అడ్డంగానే అమర్చడం ఈ మార్పిడికి ప్రధానమైన వీలు. అందువలన పాత గేర్‌బాక్సును, పాత ఇంజను మౌంటులను తిరిగి వాడుకోవచ్చు. ఆటోమేటిక్ గేర్లు గల కారు నుండి తీసిన ఇంజను అయితే ఫ్లైవీలును, క్లచ్‌ను వేరుగా సమకూర్చుకోవాలి.

అసలు క్లిష్టత ఇంజను చుట్టూ ఉన్న భాగాలలో ఉంటుంది. మొదటి రెండు తరాలలో లోనికి వెళ్ళే గాలిని రెక్క గల గాలి కొలమానం కొలుస్తుంది. మూడవ తరం నుండి ఆ కొలమానం లేదు. దాని బదులు ఇన్‌టేక్ మానిఫోల్డులోని పీడనాన్ని కొలిచి, దానినిబట్టి ఇంధనాన్ని లెక్కిస్తారు. కాబట్టి ఇంజనుతో పాటు దాని కంప్యూటరును, వైరింగును కూడా తెచ్చి పాత కారు వైరింగుతో కలపాలి. నాల్గవ తరంలో డిస్ట్రిబ్యూటరు ఉండదు, ప్రతి స్పార్కు ప్లగ్గుకూ విడిగా కాయిలు ఉంటుంది. దాని టర్బైను గూడు ఎగ్జాస్ట్ మానిఫోల్డుతో కలిపి ఒకే పోతగా ఉన్నందున, టర్బోను మార్చదలచినవారు మానిఫోల్డును కూడా మార్చవలసి వస్తుంది.

జాగ్రత్తలు

మూడవ తరం ఇంజెక్టర్లు నిమిషానికి సుమారు 540 ఘన సెంటీమీటర్ల ఇంధనాన్ని అందిస్తాయి. మొదటి తరంలో ఇది సుమారు 430 మాత్రమే. పాత కంప్యూటరుతో కొత్త ఇంజెక్టర్లను వాడితే లెక్క తప్పి ఇంధనం అవసరానికి మించి పడుతుంది. దీనికి విరుద్ధంగా, టర్బో పీడనం పెరిగినప్పుడు పాత ఇంధన పంపు చాలినంత ఇంధనం అందించలేకపోతే మిశ్రమం పలుచనవుతుంది. అప్పుడు ఇంధనం అదుపు తప్పి మండి, నాకింగ్ ఏర్పడి, పిస్టన్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. పాత ఇంజన్లను కొని అమర్చేటప్పుడు ముందుగా సిలిండర్ల కంప్రెషన్ పరీక్షించడం, టైమింగ్ బెల్టును, ఆయిల్ సీళ్ళను, నీటి పంపును మార్చడం మంచిది. ఇంజను కారులో ఉండగా ఈ పనులు చేయడం కష్టం.

185 హార్స్‌పవర్ కొరకు రూపొందించిన కారులో 255 హార్స్‌పవర్ ఇంజనును పెట్టినప్పుడు శక్తి మూడవ వంతుకు పైగా పెరుగుతుంది. కనుక బ్రేకులు, క్లచ్, శీతలీకరణ వ్యవస్థ కూడా అందుకు తగినట్లు ఉండాలి.

పోటీ నియమాలు

టర్బోలోనికి వెళ్ళే గాలిని పరిమితం చేసే ఇరుకైన వలయాన్ని రెస్ట్రిక్టరు అంటారు. 1995లో ప్రపంచ ర్యాలీ కార్లకు దీని వ్యాసాన్ని 38 మిల్లీమీటర్ల నుండి 34 మిల్లీమీటర్లకు తగ్గించారు. దీనివలన గాలి ప్రవేశించే వైశాల్యం సుమారు 20 శాతం తగ్గింది. ఆ సంవత్సరం కాటలూన్యా ర్యాలీలో, రెస్ట్రిక్టరును తప్పించి గాలి లోనికి పోయే రహస్య ఏర్పాటు టయోటా జట్టు ఎస్‌టి205 కార్లలో బయటపడింది. జట్టును 12 నెలలపాటు పోటీల నుండి నిషేధించారు. టర్బో ఇంజను గరిష్ఠ శక్తి దానికి అందే గాలిపై ఎంతగా ఆధారపడుతుందో ఈ ఘటన తెలుపుతుంది. రెస్ట్రిక్టరు తప్పనిసరి అయిన పోటీలలో ఇంజను మార్పిడి వలన కలిగే గరిష్ఠ శక్తి లాభం చాలావరకు హరించుకుపోతుంది.

ఎఫ్.ఐ.ఎ. చారిత్రక పోటీలలో ప్రతి కారూ తన కాలంనాటి రూపంలోనే ఉండాలి. దీనిని ధ్రువీకరించే పత్రాన్ని హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్ట్ అంటారు. ఎస్‌టి165లో 1994 నాటి ఇంజను ఉన్నట్లయితే, బయటి రూపం చెక్కుచెదరకున్నా, ఆ కారు ఈ నియమాలకు లోబడదు. అందువలన ఇంజను మార్చిన కార్లను రహదారి ప్రయాణానికి, ట్రాక్ రోజులకు, నియమాలు సడలించిన స్థానిక పోటీలకు వాడుతుంటారు. తీసివేసిన అసలు ఇంజనును దాని కంప్యూటరు, వైరింగులతో సహా భద్రపరచితే కారును తిరిగి పూర్వరూపానికి తేవడానికి వీలుంటుంది. బ్రిటన్ వంటి దేశాలలో ఇంజను మార్చిన సంగతిని రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించడం తప్పనిసరి.