4 పిన్నుల నుండి 24 పిన్నులకు: ల్యాప్‌టాప్ పోర్టు చరిత్ర

"సార్, ఫోను చార్జరు కొత్త ల్యాప్‌టాప్‌కు సరిగ్గ పడుతున్నది గాని చార్జింగు ఎక్కుతలేదు, ఎందుకు?" అని ఆత్మకూరులో ఒక విద్యార్థి నన్ను అడిగినాడు. రంధ్రము ఒకటే అయినప్పుడు విద్యుత్తు కూడ ఒకటే కావలెను గదా అని అతని సందేహము. సమాధానము ఆ పోర్టు చరిత్రలో ఉన్నది.

పూర్వము కంప్యూటరు వెనుక కీబోర్డునకు ఒక రంధ్రము, ప్రింటరుకు వేరొకటి ఉండెడివి. ఈ చిక్కును తొలగించుటకు 1996 జనవరిలో యు.ఎస్.బి. ప్రమాణము వెలువడినది. దీనిని రూపొందించిన ఇంటెల్ ఇంజనీర్లలో ముఖ్యులు బరోడాలో చదివిన అజయ్ భట్. అందులో పిన్నులు 4 మాత్రమే: విద్యుత్తునకు 2, సమాచారమునకు 2. 5 వోల్టుల వద్ద అర ఆంపియరు, అనగా 2.5 వాట్లు లభించెడివి. అది మౌసుకు చాలును, ల్యాప్‌టాప్‌కు చాలదు. అందుచేత ల్యాప్‌టాప్ చార్జరుకు వేరే రంధ్రము తప్పలేదు.

2008లో వేగము పెంచుటకు మరి 5 పిన్నులు చేరినవి. 2014 ఆగస్టులో టైప్-సి వచ్చినది. ఇందులో పిన్నులు 24. వరుసకు 12 చొప్పున రెండు వరుసలు. తిరగవేసి పెట్టినను సరిపోవునట్లు వాటిని అమర్చినారు.

వీటిలో రెండు పిన్నుల పని విచిత్రమైనది. కేబులులో వాటికి తగిన తీగ ఒక్కటే ఉండును. అది ఏ పిన్నును తాకినదో చూచి, కేబులు ఏ వైపుగా ఉన్నదో యంత్రము గ్రహించును. ల్యాప్‌టాప్‌లోని 5.1 కిలో ఓముల నిరోధమును ఆ తీగపై గుర్తించిన పిదపనే చార్జరు 5 వోల్టులు వదలును. తరువాత ఆ తీగపైననే సంభాషణ సాగును. తాను ఈయగల వోల్టేజీలను చార్జరు తెలుపగా, ల్యాప్‌టాప్ ఒకదానిని కోరుకొనును. ఈ పద్ధతిలో 20 వోల్టులు, 5 ఆంపియర్ల వరకు, అనగా 100 వాట్లు అందును. 2021లో ఈ పరిమితి 240 వాట్లకు పెరిగినది. 3 ఆంపియర్లు దాటినచో కేబులులో కూడ గుర్తింపు చిప్ ఉండవలెను.

మన దేశములో 2023 జనవరిలో భారతీయ ప్రమాణాల సంస్థ టైప్-సి ప్రమాణమును ప్రకటించినది.

ఇక విద్యార్థి ప్రశ్నకు వత్తము. అతని చార్జరుపై 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉన్నది. గుణించిన 10 వాట్లు. ల్యాప్‌టాప్‌తో వచ్చినది 65 వాట్ల చార్జరు. రంధ్రము ఆకారము ఒకటైనను శక్తి ఒకటి కాదు. చార్జరు కొనుటకు ముందు దానిపైని అంకెలను చదివి గుణించి చూడుడు. తరగతిలో నేర్చిన సూత్రము అంగడిలో పనికివచ్చును.