పట్టణ పేదల జీవనోపాధి - నైపుణ్య శిక్షణ పథకాల పూర్వాపరాలు

నగరాలలోని పేదలలో అత్యధికులు అసంఘటిత రంగంపైనే ఆధారపడి జీవిస్తున్నారు. తాపీపని, సెంట్రింగు, రంగులు వేయుట, ఇళ్లలో పాచిపని, కుట్టుపని, తోపుడు బండ్లపై విక్రయాలు వీరి ప్రధాన వృత్తులు. వీరికి నియామక పత్రం గానీ, హాజరు పట్టీ గానీ ఉండవు. 2004లో కేంద్రం నియమించిన అర్జున్ సేన్‌గుప్తా కమిషన్ లెక్కల ప్రకారం, 2004-05లో దేశంలోని కార్మికులలో దాదాపు 92 శాతం మంది ఎట్టి సామాజిక భద్రత లేని అనియత ఉపాధిలోనే ఉన్నారు.

పట్టణ పేదలకై గతంలో అమలైన మూడు పథకాలను కలిపి 1997 డిసెంబరు 1న స్వర్ణ జయంతి శహరీ రోజ్‌గార్ యోజన ప్రారంభించబడింది. స్వయం ఉపాధికి రూ. 50,000 వరకు యూనిట్ వ్యయం, అందులో 15 శాతం సబ్సిడీ (గరిష్ఠంగా రూ. 7,500) ఇందులో నిర్ణయించారు. తొమ్మిదో తరగతికి మించి చదివినవారు స్వయం ఉపాధి సహాయానికి అర్హులు కారు. 2009లో నిబంధనలను సవరించి యూనిట్ వ్యయాన్ని రూ. 2 లక్షలకు, సబ్సిడీని 25 శాతానికి పెంచారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ కార్యక్రమాల నిర్వహణకు 2007లో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) ఏర్పాటైంది. 2013లో పాత పథకం స్థానంలో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ 2024 సెప్టెంబరుతో ముగిసింది.

శిక్షణకు కేటాయింపులు పెరిగినప్పటికీ అసలు చిక్కు వేరొకచోట ఉన్నది. అడ్డా కూలీ శిక్షణకు హాజరైతే ఆ రోజు కూలి పోతుంది. రోజు గడవడమే కష్టమైన కుటుంబానికి నెలల తరబడి సాగే కోర్సు, ఉచితమైనప్పటికీ, ఖరీదైనదే. శిక్షణ తరగతులలో అప్పటికే పనిలో ఉన్న మేస్త్రీల కంటే చదువు ముగించిన నిరుద్యోగ యువత ఎక్కువగా కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణమని చెప్పవలసి ఉంటుంది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, అనుభవంతో నేర్చిన పనిని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే విధానాన్ని చేర్చుట ఈ దృష్ట్యా గమనార్హం. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో తాపీ మేస్త్రీలు, దర్జీలు, రజకులు తదితర 18 వృత్తులవారికి శిక్షణ కాలంలో రోజుకు రూ. 500 భృతి, పనిముట్లకు రూ. 15,000 నిర్ణయించారు. ఐదారు రోజుల ప్రాథమిక శిక్షణకు కూలి నష్టపోకుండా వెళ్లగల వెసులుబాటు దీనివల్ల కలిగింది.

గుర్తింపు విషయంలోనూ ఇబ్బంది ఉన్నది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో సభ్యత్వానికి గడచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉండాలి. రోజుకొక మేస్త్రీ వద్ద పనిచేసే కూలీకి ఆ 90 రోజులను ధ్రువీకరించే యజమాని ఎవరన్నది ప్రశ్న. మట్టి తట్టలు, ఇటుకలు మోసే స్త్రీల పరిస్థితి మరింత క్లిష్టం. ఏళ్ల తరబడి గోడల పక్కనే పనిచేసినా వారి చేతికి తాపీ అందడం అరుదు.

వీధి విక్రేతలకు మాత్రం శిక్షణ కంటే స్థలం, పెట్టుబడి ముఖ్యం. 2014 నాటి వీధి విక్రేతల చట్టం ప్రకారం సర్వే పూర్తయ్యేవరకు వారిని తొలగించరాదు. పట్టణ విక్రయ కమిటీలో 40 శాతం సభ్యులు వారే అయి ఉండాలి, అందులో మూడింట ఒక వంతు స్త్రీలు. 2020 జూన్‌లో మొదలైన స్వనిధి పథకం కింద తొలి విడత రుణం రూ. 10,000 కాగా, 2025లో దానిని రూ. 15,000కు పెంచారు. వడ్డీ వ్యాపారి నుంచి తెల్లవారి తెచ్చిన అప్పును సాయంత్రానికి తీర్చే కూరగాయల విక్రేతకు ఈ మొత్తం చిన్నదేమీ కాదు.