హల్లెలూయా నుంచి హరేకృష్ణ దాకా

బీటిల్స్ బృందం విడిపోయిందన్న వార్త 1970 ఏప్రిల్‌లో బయటికొచ్చినప్పుడు అభిమానుల చూపంతా జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీల మీదే ఉంది. బృందం పాటల్లో ఎక్కువ భాగం కట్టింది వాళ్లిద్దరే. గిటారిస్టు జార్జ్ హారిసన్‌కు చాలా ఆల్బంలలో ఒకటి రెండు పాటలకే చోటు దక్కేది. అలాంటిది, ఆ ఏడాది డిసెంబరు వెళ్లకముందే సొంత పాటతో అమెరికాలో నంబర్ వన్‌కు చేరిన తొలి మాజీ బీటిల్ ఆయనే అయ్యాడు. ఆ పాట ‘మై స్వీట్ లార్డ్’.

1969 చివర్లో కోపెన్‌హేగన్‌లో ఉన్నప్పుడు హారిసన్ ఈ పాట మొదలుపెట్టాడు. ఎడ్విన్ హాకిన్స్ బృందం పాడిన క్రైస్తవ భక్తిగీతం ‘ఓ హ్యాపీ డే’ తనకు స్ఫూర్తి అని చెప్పాడు. అదే ఏడాది లండన్ రాధాకృష్ణ మందిర భక్తులతో హరేకృష్ణ మంత్రాన్ని రికార్డు చేయించిందీ ఆయనే. ఆ రెండు దారులూ ఈ పాటలో కలిశాయి. హల్లెలూయా అంటూ సాగే వంతపాట తెలియకుండానే హరేకృష్ణగా మారుతుంది. చివరికి మన బడిపిల్లలు చెప్పే గురుస్తోత్రం కూడా వినిపిస్తుంది.

మరుసటి ఏడాదే దావా పడింది. షిఫాన్స్ అనే అమ్మాయిల బృందం 1962లో పాడిన ‘హీ ఈజ్ సో ఫైన్’ బాణీని హారిసన్ కాపీ కొట్టాడని, ఆ పాట హక్కులున్న బ్రైట్ ట్యూన్స్ సంస్థ ఆరోపించింది. న్యాయమూర్తి రిచర్డ్ ఓవెన్ రెండు పాటల్నీ స్వరాలుగా విడదీసి చూశారు. మన లెక్కలో చెప్పాలంటే, రెండింటిలోనూ మొదట ప-గ-రి, తర్వాత ప-ద-స-ద-స. ఆ రెండో ముక్కలో ఒకచోట స ముందు చిన్న రి తళుక్కుమంటుంది. అన్నీ మన మోహన రాగ స్వరాలే. ఆ ఐదు స్వరాలు ఎవరి సొత్తూ కాదు. కానీ అవే ముక్కలు అదే వరసలో మళ్లీమళ్లీ రావడం, ఆ చిన్న రి కూడా తోడవడం యాదృచ్ఛికం కాదని కోర్టు అనుకుంది. కావాలని కాకపోయినా, అంతర్మనస్సులో దాగిన పాటే బయటికొచ్చిందని 1976లో తీర్పిచ్చింది. పాట సంపాదనలో మూడొంతులు ఆ బాణీదే, మిగతా పావు వంతే హారిసన్ పేరుప్రతిష్ఠలు తదితరాలదని లెక్కగట్టి, పరిహారాన్ని 15,99,987 డాలర్లుగా తేల్చింది. ఈలోగా హారిసన్ మాజీ మేనేజర్ అలెన్ క్లైన్ బ్రైట్ ట్యూన్స్ హక్కుల్ని తానే కొనేశాడు. ఈ వ్యవహారంలో క్లైన్ లాభపడకూడదని, కొన్న ధర 5,87,000 డాలర్లకే హారిసన్‌కు అప్పగించాలని 1981లో కోర్టు ఆదేశించింది.

అభిమానుల వాదన మాత్రం ఆగలేదు. అంత చెవి ఉన్నవాడికి పోలిక తెలియలేదా అని కొందరు. స్టూడియోలో పక్కనే ఉన్న నిర్మాత ఫిల్ స్పెక్టర్ ఎందుకు హెచ్చరించలేదని ఇంకొందరు. కాస్త మార్చి ఉంటే ఎవరూ వేలెత్తి చూపేవారు కాదని లెనన్ కూడా 1980లో అన్నాడు.

‘హీ ఈజ్ సో ఫైన్’ బాణీ కట్టిన రానీ మ్యాక్‌కు దక్కాల్సిన గౌరవం దక్కి తీరాలి. దానిలో రెండో మాట లేదు. కానీ ఆ మూడొంతులు, పావు వంతు లెక్క ఈ పాటకు సరిపోదు. షిఫాన్స్ పాడింది నచ్చిన కుర్రాడి గురించి. హారిసన్ అవే స్వరాల మీద రెండు మతాల ప్రార్థనల్ని ఒకే గొంతుతో పాడించాడు. ఆ ఆలోచన పూర్తిగా ఆయనది.

2001 నవంబరు 29న హారిసన్ కన్నుమూశాడు. రెండు నెలలైనా తిరగకముందే, 2002 జనవరిలో, మళ్లీ విడుదలైన ఈ పాటను బ్రిటన్ శ్రోతలు మరోసారి నంబర్ వన్ చేశారు. తీర్పు వచ్చి అప్పటికే పాతికేళ్లు. దావా కథంతా ప్రపంచానికి తెలిశాకే, ఆ పాటలో హారిసన్ వాటా ఎంతో వాళ్లు తేల్చి చెప్పారు.